చీ సీసా

ప్రయోగశాల, మూడో అంతస్తు
ఫిబ్రవరి 6

వదినగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం నేను ముచ్చటపడి రాస్తున్నది కాదని ముందే చెప్పేస్తున్నాను. ఈ ఊరికి మురుగునీళ్ళు శుభ్రం చేసే కేంద్రం ఇంకొకటి ఉండుంటే నా ప్రయోగం అక్కడే పెట్టుకునేదాన్ని. ఉన్నది ఒకటే, దానికి ఇన్‌చార్జి మీరే. ఫోను చేస్తే ఎత్తరని అన్నయ్య చెప్పాడు. మూడుసార్లు చేశాను, నిజంగానే ఎత్తలేదు. కాబట్టి ప్రతి గురువారం మన రెండు చోట్ల మధ్య తిరగబోయే సీసాల పెట్టెలోనే ఈ కాగితం కూడా వస్తోంది.

విషయం ఇది. మందుల ఫ్యాక్టరీ వదిలే నీళ్ళలో యాంటీబయాటిక్ మిగిలి ఉంటోంది. ఇన్నాళ్ళూ వాళ్ళు ఆ నీళ్ళని లోపలే కాచి ఇగరబెట్టేవాళ్ళు. ఇకమీద మీ కేంద్రానికి వదులుతామంటున్నారు. మీ ట్యాంకుల్లోకి రాకముందే ఆ మందుని విరగ్గొట్టడానికి నేనొక పొడి తయారుచేశాను. నీళ్ళలో కలిపి ఎండలో పెడితే, వెలుతురు తగిలి పొడి మేలుకుంటుంది, మందుని ముక్కలు చేస్తుంది, తను మాత్రం ఖర్చు కాదు. దాన్ని క్యాటలిస్టు అంటారు. మీకు తేలిగ్గా అర్థం కావాలంటే మేస్త్రీ అనుకోండి. పక్కన నిలబడి పని చేయిస్తాడు, చెయ్యి తడవదు.

మీ రెండో ట్యాంకు ముందు గాజు తొట్లు బిగించి, రోజుకొక ట్యాంకరు ఫ్యాక్టరీ నీళ్ళు పోసి చూస్తాం. ఎలా నడపాలో బిగించేవాళ్ళే చూపిస్తారు. ఫలితం బాగుంటే జులై ఒకటి నుంచి ఫ్యాక్టరీ గొట్టం తిన్నగా మీ కేంద్రానికి కలుస్తుంది. రిపోర్టు మీద నా సంతకం, దాని కింద మీ సంతకం ఉండాలట. పై కమిటీ పెట్టిన నియమం, నేను కోరింది కాదు.

వారానికి రెండు సీసాలు నింపి పంపాలి. ఒకదాని మీద ‘వె’ అని, ఇంకొకదాని మీద ‘చీ’ అని రాశాను. ఎలా నింపాలో విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టె అడుగున పెట్టాను. చదవగలరు.

ఇంకో మాట. పోయిన ఏడాది మీ ఇంట్లో భోజనాల దగ్గర నేను ‘ఛీ’ అన్నానని మీరు మాట్లాడ్డం మానేశారు. నేను ఛీ అనలేదు. తుమ్మాను. ఈ సంగతి అన్నయ్యకి వందసార్లు చెప్పాను, మీకు చేరిందో లేదో తెలియదు.

మీ మరదలు
(మీరు ఒప్పుకుంటేనే)

*

శుద్ధి కేంద్రం, రెండో ట్యాంకు పక్క గది
ఫిబ్రవరి 20

డాక్టరమ్మగారి సముఖానికి,

తమరి ఉత్తరం అందింది. చెయ్యి తడవని మేస్త్రీ అన్నావు చూడు, అక్కడే నవ్వొచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా నేనిక్కడ మేస్త్రీలకి మేస్త్రీని. మోచేతుల దాకా తడవకుండా ఇంటికి వెళ్ళిన రోజు నాకు గుర్తులేదు. చెయ్యి తడవకుండా పని చేయించేవాళ్ళు ఎక్కడుంటారో ఇప్పుడు తెలిసింది. మూడో అంతస్తులో ఉంటారు.

నీ చదువులో లేని సంగతి ఒకటి చెబుతాను. ఇక్కడ నీళ్ళు శుభ్రం చేసేది నేనూ కాదు, పంపులూ కాదు. ట్యాంకు బురదలో బతికే పురుగులు. మామూలు కంటికి కనపడవు. గాలి ఊదుతుంటే మురికిని తిని పెరుగుతాయి. రోజూ పొద్దున్నే ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి వాటి మొహం చూశాకే నేను టీ తాగుతాను. అందుకే పనివాళ్ళు నా వెనక నన్ను పురుగులమ్మ అంటారు. నీకూ ఒక పేరు పెట్టారు, ఎండ డాక్టరు. నీ తొట్లు బిగించిన రోజు మబ్బు పట్టి నాలుగు రోజులు వదల్లేదు.

ఇప్పుడు విను. యాంటీబయాటిక్ అంటే పురుగుల్ని చంపే మందు. అది నా ట్యాంకులోకి దిగితే నా పురుగులు చస్తాయి. అవి చస్తే ఊరి మురుగంతా ఎలా వచ్చిందో అలాగే కాలవలోకి పోతుంది. దిగువన ఆ కాలవ నీళ్ళు తోడుకుని తాగే జనం ఉన్నారు. నీ పొడి పనిచేస్తే నీకు పేరు, చెయ్యకపోతే వాళ్ళకి రోగం. ఇదంతా తెలిసే నా సంతకం అడుగుతున్నావని అనుకుంటున్నాను.

సీసాలు నింపి పంపాను. ‘వె’ అంటే ఏమిటో మా దగ్గర చీపురు పట్టుకునే మనిషికి కూడా తెలుసు. ‘చీ’ అంటే ఏమిటో నాకు ఇంకా బాగా తెలుసు. అంత విడమరిచి రాసినందుకు సంతోషం.

ఇక తుమ్ము. మీ అన్నయ్య తుమ్మితే కిటికీ తలుపులు కొట్టుకుంటాయి, ఆ ఇంట్లో పదిహేనేళ్ళుగా కాపురం చేస్తున్నాను, నాకు తుమ్ములు కొత్త కాదు. తుమ్మే మనిషి ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. కుర్చీ కూడా రెండడుగులు వెనక్కి జరుపుకుంటుందా? ఆ రోజు పంపు పాడైతే బాగుచేయించి తిన్నగా భోజనానికి వచ్చాను. మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కునే కూర్చున్నాను. అది మాత్రం ఎవరూ చూడలేదు.

పురుగులమ్మ

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
మార్చి 20

వదినగారికి,

తుమ్ము గురించి ఇక వాదించను. తీర్పు ముందే రాసుకున్న కోర్టులో సాక్ష్యాలెందుకు.

ఫలితాలు వచ్చాయి. నాలుగు వారాల్లోనూ ఒకటే మాట చెబుతున్నాయి. ‘చీ’ సీసాలో మందు మొదట ఎంత ఉందో అంతే ఉంది, వెంట్రుకవాసి తగ్గలేదు. ‘వె’ సీసాలో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు మాయం. ఇంత శుభ్రమైన తేడా మా ప్రయోగశాలలో ఇంతవరకు ఎవరికీ రాలేదు. మా డైరెక్టరు అందరి ముందూ నా గ్రాఫు గోడకి అంటించారు. ఇందులో మీ ట్యాంకుకి కూడా కాస్త పేరు వస్తుంది, కంగారుపడకండి.

ఒక్క ఫిర్యాదు ఉంది. ‘చీ’ సీసా నీళ్ళు ప్రతిసారీ మసకగా ఉంటున్నాయి. అడుగున నలకలు కూడా ఉన్నాయి. తేరిన నీళ్ళే పొయ్యాలని రాశాను కదా. పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి నీళ్ళు తేర్చడం కూడా నేను నేర్పాలా? మీ చోట పనితనం ఇంతే అనుకుని నేనే ఇక్కడ వడపోసుకుంటున్నాను.

ఇకనుంచి ప్రతి మంగళవారం తొట్లలో అడుగుకి దిగిన పొడిని ఉప్పునీళ్ళతో కడగండి. కడిగితే మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. కడిగిన నీళ్ళు రెండో ట్యాంకులోకి వదిలెయ్యొచ్చు, వాటిలో ఏమీ ఉండదు.

మీ మరదలు

*

శుద్ధి కేంద్రం, రెండో ట్యాంకు పక్క గది
ఏప్రిల్ 17

గోడకెక్కిన డాక్టరమ్మగారికి,

‘చీ’ సీసా నీళ్ళు మసకగా ఉన్నాయా? మసకగా కాక మల్లెపూవులా ఉంటాయా? ఆ పేరు పెట్టిన మనిషే ఈ మాట అడగాలా? అదే నింపుతాను, అలాగే ఉంటాయి.

నీ గ్రాఫు సంగతి నాకు తెలియదు. నా చుక్క సంగతి చెబుతాను. మంచి బురదలో గంట పురుగులని ఉంటాయి. సన్నటి కాడ మీద గంటలా నిలబడి నోరు తెరుచుకుని నీళ్ళు లాక్కుంటుంటాయి. అవి నిలబడి ఉన్నాయంటే ట్యాంకు ఆరోగ్యంగా ఉన్నట్టు. పోయిన వారం బుధవారం చూస్తే నోళ్ళు మూసుకుని ముడుచుకుపోయి ఉన్నాయి. నిన్న బుధవారం చూస్తే గంటలు ఊడిపోయి కాడలు మాత్రమే మిగిలాయి. జాడీలో అరగంట ఉంచితే మూడో వంతుకి దిగాల్సిన బురద సగానికి కూడా దిగలేదు. పైన తెల్లటి నురగ. ఒకటో ట్యాంకులో ఇదేమీ లేదు. నీ తొట్ల నీళ్ళు పడే రెండో ట్యాంకులోనే.

మాయమైంది, మాయమైంది అని రాస్తున్నావు. ఎక్కడికి పోయిందమ్మా? మా ఇంట్లో కూడా మీ అన్నయ్య కళ్ళజోడు రోజూ మాయమవుతుంది. సాయంత్రానికి ఆయన నెత్తి మీదే దొరుకుతుంది.

పురుగులమ్మ

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
ఏప్రిల్ 24

వదినగారికి,

మీ రెండో ట్యాంకు బ్లోయరు పాతదని అన్నయ్యే ఒకసారి అన్నాడు. గాలి సరిగ్గా అందకపోతే పురుగులు చస్తాయని మొదటి సంవత్సరం చదివే పిల్లలు కూడా చెబుతారు. ముందు ఆ బ్లోయరు చూపించుకోండి. నూరోవంతులో పదోవంతు మందు ఉన్నా పట్టుకునే యంత్రం నా దగ్గరుంది. మీ దగ్గర గంట పురుగులున్నాయి. రెండింటిలో దేన్ని నమ్మాలో కమిటీకి తెలుసు.

అన్నయ్యని అడిగాను, ఇద్దరిలో ఎవరిది తప్పని. మీరిద్దరూ నాకు కావలసినవాళ్ళే అన్నాడు. గోడ మీద పిల్లికి ఇంతకంటే మంచి మాట దొరకదు.

రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. ఇది ఆమోదం పొందితే కొత్త విభాగానికి నన్నే పెద్దని చేస్తామన్నారు. మీకు చెప్పాలని కాదు, ఎలాగూ తెలుస్తుందని చెబుతున్నాను.

మీ మరదలు

*

శుద్ధి కేంద్రం, రెండో ట్యాంకు పక్క గది
మే 8

కాబోయే పెద్దగారికి,

బ్లోయరు చూపించాను. నువ్వు అడిగావని కాదు, నీ నోరు మూయించాలని. నిక్షేపంలా ఉంది. మెకానిక్కు రాసిచ్చిన కాగితం పెట్టెలో పెట్టాను, కావాలంటే గ్రాఫు పక్కనే అంటించుకో.

తర్వాత నేను ఒక పని చేశాను. చదువు లేనిదాన్ని కాబట్టి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నా పురుగులు ఎప్పుడు చచ్చినా బుధవారమే చస్తున్నాయి. శనివారానికి కాస్త కోలుకుని మళ్ళీ బుధవారానికి చస్తున్నాయి. బుధవారం వాటికి ఏం కీడు? మంగళవారం ఏం చేస్తున్నామో చూసుకున్నాను. నీ పొడి కడిగి, ఏమీ ఉండదన్న ఆ నీళ్ళు ట్యాంకులోకి వదులుతున్నాం.

పోయిన వారం మంగళవారం కడగడం ఆపించాను. బుధవారం చూస్తే గంటలన్నీ కాడల మీద నిలబడి హాయిగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఈ మంగళవారం మళ్ళీ కడిగించాను. బుధవారం పొద్దున శవాలు. ఇప్పుడు చెప్పు, నీ మాయమైన మందు ఎక్కడ దాక్కుందో. నీ పొడికి అంటుకుని కూర్చుంది. ఉప్పునీళ్ళు తగలగానే చెయ్యి వదిలేసి నా ట్యాంకులోకి దిగుతోంది. నీ మేస్త్రీ పని చేయించడం లేదమ్మా, సరుకు జేబులో వేసుకుంటున్నాడు.

ఇది మాత్రం వెటకారం కాదు. రోజుకొక ట్యాంకరుకే ఇలా ఉంటే గొట్టం మొత్తం కలిపితే రెండు ట్యాంకులూ పోతాయి. రిపోర్టు ఆపు.

పురుగులమ్మ

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
మే 15

వదినా,

వెంటనే జవాబు రాయి. ‘చీ’ సీసా నింపేటప్పుడు ఆ నీళ్ళలో పొడి ఎన్ని చెంచాలు కలుపుతున్నావు? ఎంతసేపు మూసి ఉంచుతున్నావు? దేనితో మూస్తున్నావు? రెండో సంగతి ముఖ్యం.

మరదలు

*

శుద్ధి కేంద్రం, రెండో ట్యాంకు పక్క గది
మే 22

మరదలికి,

ఏమిటీ కొత్త ప్రశ్నలు? ‘చీ’ నీళ్ళలో నేను పొడి ఎందుకు కలుపుతాను? మూయడమెందుకు?

మా కేంద్రం మొదలైనప్పటి నుంచి సీసాల మీద రెండే గుర్తులు. ‘వ’ అంటే వచ్చేది, ‘వె’ అంటే వెళ్ళేది. తొట్లలోంచి బయటికి వెళ్ళే నీళ్ళు ‘వె’ సీసాలో పోశాను. ఇక ‘చీ’ అంటే ట్యాంకరులోంచి దిగిన నీళ్ళు, ఏమీ చెయ్యనివి, కంపుకొట్టేవి. అందుకే కదా నువ్వు ఆ పేరు పెట్టావు. భోజనాల దగ్గర నన్ను చూసి అన్న మాట ఈసారి నా నీళ్ళ మీద రాసి పంపావనుకున్నాను. ఒత్తు పెట్టకపోవడం మాత్రం నీ మర్యాద అనుకున్నాను. నాకు మండింది. మండినా పదమూడు వారాలు నోరెత్తకుండా నింపి పంపాను. ఇప్పుడు పొడి ఎన్ని చెంచాలని అడుగుతున్నావు.

అది ఛీ కాకపోతే మరేమిటి?

వదిన

*

శుద్ధి కేంద్రం, రెండో ట్యాంకు పక్క గది
జూన్ 19

మరదలికి,

నాలుగు గురువారాలు పెట్టె వచ్చింది, ఖాళీ సీసాలే ఉన్నాయి. నీ కాగితం లేదు. నువ్వు మూతి ముడుచుకోవడం నాకు కొత్త కాదు కాబట్టి ఊరుకున్నాను.

సోమవారం నీ రిపోర్టు వచ్చింది. అట్ట బాగుంది. నూటికి తొంభై ఎనిమిది అని లావుపాటి అక్షరాల్లో ఉంది. చివరి పేజీలో నీ సంతకం, కింద నాకోసం ఖాళీ. నీ సంతకం పక్కన తారీఖు చూశాను. జూన్ 10. నా ఉత్తరం నీకు చేరి అప్పటికి రెండు వారాలకి పైనే అయింది. చేరలేదని చెప్పకు, ఆ గురువారం ఖాళీ సీసాలు తిరిగొచ్చాయి.

నేను చదువుకోలేదు, నిజమే. కానీ నువ్వు ఆ మూడు ప్రశ్నలు అడిగాక ఆలోచించాను. పొడి కలిపినవి, కలపనివి పక్కపక్కన పెట్టి చూస్తే మందు పొడికి అంటుకుందో ఎండకి విరిగిందో ఎలా తెలుస్తుంది? ఈ మాత్రం నాకు తోచింది, నీకు తోచలేదంటే నమ్మను. తెలిసే పెట్టావు సంతకం. ఛీ అనిపించుకోవలసింది నా నీళ్ళు కాదనిపించింది.

ఇక్కడిదాకా నిన్ననే రాశాను. పొద్దున సంతకం చెయ్యనని రాయబోతుంటే కలం మూత జారి బల్ల కిందికి దొర్లింది. వంగి చూస్తే మైక్రోస్కోపు బల్ల కాలి కింద మడత పెట్టిన కాగితం. ఆ బల్ల ఎప్పుడూ ఊగుతుంది. ఫిబ్రవరిలో నీ మొదటి పెట్టెలో విడిగా వచ్చిన కాగితాన్ని మడత కూడా విప్పకుండా నేనే అక్కడ దోపాను. ఇది నీకు ఇంతవరకు చెప్పలేదు. అసలు కాగితం రాలేదనే ఇక్కడ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను, మీ అన్నయ్యకి కూడా. ఈ రోజు విప్పి చదివాను. ‘వె’ అంటే వెలుతురు. ‘చీ’ అంటే చీకటి. రెండు సీసాల్లోనూ ఒకటే పొడి, ఒకటే కొలత, ఒకటి ఎండలో, ఇంకొకటి నల్లగుడ్డ చుట్టి రెండు గంటలు. అంతా స్పష్టంగానే ఉంది. నీ చేతిరాత కూడా బాగుంది.

నన్నే తిట్టావనుకుని చదవలేదు. అంతే. చదివుంటే ఇదంతా లేదు.

ఆ కాగితం ఈ పెట్టెలో పంపుతున్నాను. బల్ల కాలి గుర్తు దాని మీద గుండ్రంగా పడింది. మీ డైరెక్టరుకి చూపించు. తప్పు నాదని తేలిపోతుంది, నీ ఉద్యోగానికి దెబ్బ తగలదు. నన్ను గేటు దగ్గర రిజిస్టరు రాసే పనికి పంపుతారేమో, పంపనీ. గొట్టం మాత్రం కలపనివ్వకు. అంతకుమించి నేను నిన్ను ఏమీ అడగను.

రెండో ట్యాంకులో కడగడం ఆపేశాను. గంటలు మళ్ళీ లేచి నిలబడ్డాయి.

వదిన

*

ప్రయోగశాల, కింది అంతస్తు, సీసాలు కడిగే గది
జూన్ 26

వదినా,

మొదట ఆ సంతకం సంగతి. నాదే. నీ ఉత్తరం చదివాకే పెట్టాను. తెలిసే పెట్టాను. నాలుగు వారాలు నీకు రాయకపోవడానికి కోపం కారణం కాదు, రాయడానికి మొహం లేదు.

నీ మే 22 ఉత్తరం చదివిన రోజే ఇక్కడ నల్లగుడ్డ చుట్టి నేనే పరీక్ష చేశాను. చీకట్లో కూడా నా పొడి నూటికి ఎనభై పాళ్ళు మందుని మీద అంటించుకుంటోంది. ఎండలో అది నిజంగా విరగ్గొట్టేది ఇరవై కూడా లేదు. ఏ పొడికైనా ఎంతో కొంత అంటుకుంటుంది. చీకటి సీసాలో వెంట్రుకవాసి తగ్గలేదని చూసిన రోజే నాకు అనుమానం రావాలి. ఆ నీళ్ళు మసకగా ఉన్న రోజే రావాలి. రాలేదు, ఎందుకంటే అది నీ పనితనం అనుకున్నాను. నిన్ను తక్కువ చెయ్యడం నాకు అంత సులువుగా ఉండేది. పైగా గ్రాఫు అందంగా వచ్చింది. గోడ మీద పెట్టారు. దాన్ని గోడ మీంచి నేను తీయలేకపోయాను.

మొన్న గురువారం నీ పెట్టె వచ్చింది. ఆ కాగితం పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్ళాను. నిజం చెబుతున్నాను వదినా, నీ మీదకి నెట్టేద్దామనే వెళ్ళాను. నువ్వే నెట్టమన్నావు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన కాగితం తిప్పి చూశారు, బల్ల కాలి గుర్తు చూసి నవ్వారు. కేంద్రం సిబ్బంది తప్పిదం అని ఒక పేరా కలిపేస్తే చాలు, ఇన్‌చార్జిని మార్పిస్తే కొత్తావిడ సంతకం పెడుతుంది, గొట్టం అనుకున్న రోజే కలుస్తుంది, పొడి తర్వాత సరిచేసుకోవచ్చు అన్నారు. ఆ కాగితాన్ని రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని నాకు తిరిగి ఇస్తూ, ముక్కు చిట్లించి, “ఛీ, మురుక్కాలవ మనుషులతో పెట్టుకుంటే ఇంతే” అన్నారు.

ఆ మాట, ఆ చిట్లించిన ముక్కు, ఆ వేళ్ళు, కాస్త వెనక్కి జరిగిన కుర్చీ, అన్నీ తెలిసినవిలా ఉన్నాయి.

అక్కడే నిలబడి రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. కమిటీకి ఒక కాపీ నేనే పంపాను. గుర్తులు పొట్టివి పెట్టింది నేను, పదమూడు వారాలు అనుమానించనిది నేను, తెలిశాక సంతకం పెట్టింది నేను అని రాశాను. కేంద్రం ఇన్‌చార్జి మూడుసార్లు హెచ్చరించిందనీ, బుధవారాల లెక్క ఆవిడదేననీ కూడా రాశాను. నిన్న జవాబు వచ్చింది. గొట్టం కలపడం లేదు. ఫ్యాక్టరీ తన నీళ్ళు తనే ఇగరబెట్టుకోవాలి. కొత్త విభాగానికి పెద్దగా వేరే అతన్ని వేశారు, నన్ను కింది అంతస్తుకి పంపారు. ఇక్కడ కిటికీలోంచి ఎండ బాగా పడుతుంది. పొడి ఇంకొంచెం మిగిలి ఉంది, ఆ ఇరవైని పెంచగలనేమో చూస్తాను. ఏడ్చాను, దాచను. ఇప్పుడు ఏడవడం లేదు.

నీ కాగితం తిరిగి పంపుతున్నాను. దాని ఊసు కమిటీకి రాసిన దాంట్లో ఎక్కడా లేదు. నీ బల్ల ఊగుతుంటుంది, మళ్ళీ అక్కడే పెట్టుకో.

వచ్చే గురువారం సీసాల పెట్టె నేనే పట్టుకొస్తాను. గుర్తులేమీ ఉండవు, ప్రతి సీసా మీదా మాట మొత్తం రాశాను, వెలుతురు అని, చీకటి అని. గంట పురుగుల్ని నాకు చూపించు. తర్వాత మీ ఇంటికి వెళ్దాం, నువ్వు పనిలోంచి ఎలా ఉంటే అలాగే రా, నేను నీ పక్క కుర్చీలోనే కూర్చుంటాను.

ఆ రోజు నాకు తుమ్ము రాలేదు వదినా.

నీ మరదలు